పెట్టని కుంట, తోడే చెరువు

ఇంగ్లండులో ఒకాయన పెరట్లో తవ్వుకున్న కుంట పచ్చబడిందనుకోండి. ఇందులోకి ఏం వచ్చి పడుతోందని ఆయన ముందు ఆరా తీస్తాడు. మన ఊరి చెరువు పచ్చబడితే కట్ట మీద కూర్చున్న పెద్దలు వేసే ప్రశ్న వేరు: పూడిక తీసి ఎన్నేళ్ళయిందిరా అని. ఒకరి చూపు నీళ్ళలోకి వచ్చే దారి మీద, మరొకరి చూపు నీళ్ళలోంచి పోయే దారి మీద. పాచిని పెద్ద ఖర్చు లేకుండా అదుపులో పెట్టుకోవడానికి రెండుచోట్లా పుట్టిన పద్ధతులు చాలావరకు ఈ రెండు ప్రశ్నల్లోంచే వచ్చాయని నాకనిపిస్తుంది. ఒకటి పెట్టకుండా ఉండే విద్య, రెండోది తీసుకుంటూ ఉండే విద్య. నాకు రెండూ ఇష్టమే. రెండింటికీ చెరో గుడ్డితనం ఉంది.

ఇవి పోల్చదగినవేనా అని ఎవరైనా అడగొచ్చు. అక్కడిది నాలుగు చాపలు పరిస్తే నిండే కుంట, ఇక్కడిది వందల ఎకరాలు పారించే చెరువు. కానీ పాచి విషయంలో వైశాల్యం కన్నా లోతే ముఖ్యం. రెండూ లోతు తక్కువ నీళ్ళే. అడుగు మట్టికీ పై నీటికీ మధ్య ఏడాది పొడుగునా ఇచ్చిపుచ్చుకోవడం సాగుతూనే ఉంటుంది. కాస్త గాలి వీచినా, చేప తోక ఆడించినా, గేదె దిగినా మట్టిలో దాగిన ఎరువు పైకి లేస్తుంది. ఈ లెక్కన ఊరి చెరువు, పెరటి కుంట, మేడ మీద తామర తొట్టి ఒకే కుటుంబం.

ఆ ఎరువు సంగతి ముందు తేల్చుకుందాం. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు వాయవ్య మూల చిన్న చిన్న సరస్సుల ప్రాంతం ఒకటుంది. దాన్ని పరిశోధనలకే కేటాయించారు. అక్కడ 226 అనే అంకె తప్ప పేరు లేని ఒక సరస్సుకు 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం నడుమ తెర కట్టింది. ఒక సగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో సగంలో ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన సగం పచ్చబడింది, మిగతా సగం దాదాపు ఎప్పటిలాగే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో నీటిశాస్త్రంలో చాలా పేరు పొందింది. డిటర్జెంట్లలో భాస్వరం తగ్గించాలన్న వాదానికి అది గట్టి సాక్ష్యమైంది. నత్రజని కొరవడితే కొన్ని రకాల పాచి గాలిలోంచి లాక్కుంటుంది. భాస్వరాన్ని అలా లాక్కోవడం ఏ పాచికీ చేతకాదు. మన వరి రైతుకు ఇది కొత్త కాదు. గాలిలో నత్రజనిని పట్టి తెస్తుందనే కదా నీలి ఆకుపచ్చ నాచును పొలంలో చల్లమని వ్యవసాయ శాఖ ఏళ్ళ తరబడి చెప్పింది! అదే శాఖ, మడిలో పాచి దట్టంగా పేరుకుంటే తీసెయ్యమనీ చెబుతుంది. రెండు మాటలూ నిజమే.

ఇంగ్లీషువాళ్ళ పెరటి కుంటకు చరిత్ర పెద్దగా లేదు. పొలాల నడుమ పశువులు నీళ్ళు తాగే గుంటలు, రోడ్డు పక్క ఊరి కుంటలు ఇరవయ్యో శతాబ్దంలో పూడిపోతూ, పూడ్చేస్తూ లెక్కలేనన్ని పోయాయి. కప్పలకూ తూనీగలకూ చోటు లేకుండా పోయింది. ఆ చోటును ఇళ్ళ వెనక తోటల్లో చూపించవచ్చని చెప్పినవాళ్ళలో క్రిస్ బెయిన్స్ ముఖ్యుడు. వన్యప్రాణుల తోట ఎలా వేసుకోవాలో చెబుతూ ఆయన 1985లో రాసిన పుస్తకం ఒక తరం తోటపనిని మార్చింది. గొయ్యి తవ్వడం, అడుగున రబ్బరు పట్టా పరవడం, వానకు వదిలెయ్యడం. ఇంతే ఆ కుంట. చేపల కోసమూ కాదు, తాగడానికీ కాదు. దానికి యజమాని ఉన్నాడు గానీ పని లేదు. ఈ పనిలేనితనమే దాని అందం, దాని చిక్కు కూడా.

పని లేని నీటి నుంచి ఎవరూ ఏమీ తీసుకెళ్ళరు. కాబట్టి లోపలికి ఏమీ రాకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం. అక్కడి జాగ్రత్తలన్నీ కడుపు మాడ్చే జాగ్రత్తలు. కొళాయి నీళ్ళు పొయ్యకు, చూరు నుంచి పీపాలోకి పట్టిన వాననీళ్ళు పొయ్యి అంటారు. ఇది చాదస్తం కాదు. పాత సీసపు గొట్టాల నుంచి సీసం నీళ్ళలోకి దిగకుండా బ్రిటన్‌లో చాలా నీటి సంస్థలు కొళాయి నీటిలో కావాలనే కొద్దిగా ఫాస్ఫేటు కలుపుతాయి. మనిషికి మేలు చేసే ఆ చిటికెడే పాచికి పండగ. మొక్కలు నాటడానికి తోటలోని మంచి మట్టి వాడొద్దంటారు, ఆ మంచితనం నీళ్ళలోకి దిగుతుందని. అడుగు పొరలోని సారం లేని మట్టో, కడిగిన ఇసకో చాలంటారు. పచ్చికకు వేసిన ఎరువు వానకు జారి కుంటలో పడకుండా ఒడ్డును కాస్త ఎత్తు చేస్తారు. ఆకు రాలే కాలంలో వల కప్పుతారు. అన్నిటికన్నా పెద్ద నిషేధం చేపల మీద.

చేపలంటే అంత భయం దేనికి? పచ్చని నీటిని వడగట్టే జీవి డాఫ్నియా. దాన్నే నీటి ఈగ అంటారు. మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే ఆ పురుగు పగలూ రాత్రీ నీటిని తనలోంచి పోనిస్తూ, అందులోని సన్నపాచిని తింటుంది. చేప ఆ పురుగును తింటుంది. కాపలావాడు పోతే పచ్చదనం పెరుగుతుంది. లోతు తక్కువ సరస్సులు రెండు నిలకడల్లో ఏదో ఒకదానిలో కుదురుకుంటాయని డచ్చి శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్, ఆయన తోటివాళ్ళు 1990లలో వివరించారు. ఒకటి, మొక్కలు నిండిన తేటనీరు. రెండోది, మొక్కలు చచ్చి పాచి నిండిన మసకనీరు. మొదటి స్థితిలో ఉన్నదాన్ని కాస్త కష్టపెట్టినా అది తట్టుకుని నిలబడుతుంది. రెండోదానిలో పడ్డాక బయటికి లాగడం మహా కష్టం. నార్‌ఫోక్ బ్రాడ్స్ అనే నీటి మడుగుల్లో ఇదే జరిగింది. అక్కడ కొన్ని మడుగుల్లోంచి చేపల్ని తీసేసి చూస్తే నీళ్ళు తేటపడ్డాయి. పెరటి కుంటవాడికి చెప్పే ‘చేపలొద్దు’ అనే ఒక్క ముక్క వెనక ఇంత కథ ఉంది.

కాగా మన చెరువు కడుపు మాడ్చుకుని బతికింది కాదు. అది తిన్నంత తిని, ఇచ్చినంత ఇచ్చిన నీరు. తొలకరికి ఎర్రమట్టి, పొలాల పెంట, మేకల మందలు వదిలిన ఎరువు అన్నీ వరదతో వచ్చి అందులోనే పడేవి. వద్దనేవాళ్ళెవరు? కాకతీయుల కాలం నాటి రామప్ప, పాకాల, లక్నవరం మొదలుకొని పేరు లేని చిన్న కుంట దాకా గొలుసుకట్టు చెరువులన్నిటి కథా ఇదే. ఒక చెరువు మత్తడి దుంకిన నీళ్ళు కింది చెరువుకు తిండి. ఇంత మేత మేసిన నీరు ఏటేటా కుళ్ళిపోకుండా ఎలా నిలిచిందన్నదే చూడాల్సిన సంగతి.

జవాబు తూము దగ్గర కొంత ఉంది. నీరటి తూము విప్పితే నీళ్ళతోపాటు కరిగిన ఎరువూ, సన్నపాచీ పొలానికి పోయేవి. పచ్చని చెరువు నీళ్ళు పారితే వరి రైతుకు నష్టమేమీ లేదు, లాభమే. మిగతా జవాబు వేసవిలో ఉంది. మే నెలకు చెరువు అడుగు బయటపడుతుంది. శిఖం భూమిలో నెర్రెలు బారిన మట్టికి గాలి తగులుతుంది, నత్రజనిలో కొంత తిరిగి గాలిలో కలుస్తుంది, ఎండిన దారపు పాచి దుమ్మవుతుంది. అప్పుడు బండ్లు దిగేవి. ఆ నల్లటి ఒండ్రు చేనుకు తోలుకుంటే రెండు మూడేళ్ళు వేరే ఎరువు అక్కర్లేదని రైతు నమ్మకం. అక్కడి ఇంగ్లీషాయన ఏ భాస్వరాన్ని చూసి భయపడి గట్టు ఎత్తు చేసుకుంటాడో, ఇక్కడి రైతు అదే భాస్వరం కోసం సొంత ఖర్చుతో బండి కట్టేవాడు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఈ పాత బేరాన్నే మళ్ళీ నిలబెట్టాలని చూశారు. తవ్వడం ప్రభుత్వం వంతు, తోలుకోవడం రైతు వంతు. కొన్ని ఊళ్ళలో ట్రాక్టర్లు బారులు తీరాయి. కానీ బస్తా యూరియా దుకాణంలో దొరికే రోజుల్లో ఒండ్రు మీద మమకారం ఎప్పటిలా ఉండదు. చెరువులు పచ్చబడటానికి నేను వెతికే కారణాల్లో ఇది మొదటిది. లోపలికి వచ్చేది పెరిగింది, నిజమే. తీసుకుపోయేవాడు లేకుండా పోవడం అంతకన్నా పెద్ద దెబ్బ.

కోస్తా డెల్టాకు వస్తే కథ కొంచెం మారుతుంది. బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడే ఊళ్ళలో మంచినీళ్ళ చెరువే దిక్కు. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి. ఆ నీళ్ళే మళ్ళీ కాలువ వచ్చేదాకా. అక్కడ మాత్రం ఇంగ్లీషు కుంటలాగే ‘పెట్టొద్దు’ అనే నియమం రాజ్యమేలింది. గొడ్లను దింపొద్దు, బట్టలు ఉతకొద్దు, మెట్ల మీద కాళ్ళు కడగొద్దు. నీళ్ళు తాగాల్సి వచ్చేసరికి తెలుగువాడూ పెట్టని విద్యే నేర్చాడు. అలాగే ఇంగ్లీషువాళ్ళ పాత కుంటల చరిత్ర తవ్వితే, వాళ్ళూ ఒకప్పుడు తోడే విద్య తెలిసినవాళ్ళేనని బయటపడుతుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకు పోతే పాత చెరువుల మీద వట్టి మురిపెం రాసినవాడినవుతాను. చెరువు ఎవరు మురికి చెయ్యొచ్చు, ఎవరు చెయ్యకూడదు అన్నది మన ఊళ్ళలో ఏనాడూ రసాయన శాస్త్రం తేల్చలేదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడగడం మీద మొదలైన గొడవ మర్నాటికి దళితుల ఊచకోత దాకా పోయింది. కుడితి అంటే తవుడు, గంజి, ఉప్పు. చెరువులో పడితే అది ఎరువే. ఆ నీళ్ళు కలుషితం కాకూడదన్న మాట పలికే హక్కే అక్కడ నేరమైంది. ఇంగ్లీషు కుంటకు ఈ బరువు లేదు. దాని చుట్టూ కంచె ఉంది, అది ఒక ఇంటిది. ఉమ్మడి నీటికున్న గొప్పతనం గురించి రాసేవాళ్ళు ఆ ఉమ్మడి ఎంతమందిదో కూడా రాయాలి.

మళ్ళీ పాచి దగ్గరికి. పెట్టకుండా ఎంత కాచుకున్నా, ఎంత తోడినా పచ్చదనం వస్తూనే ఉంటుంది. అప్పుడు మందు కావాలి, అదీ చవగ్గా. రెండుచోట్లా చేతికి వచ్చిన మందు ఒకే ఆకారంలో ఉండటం నాకు ముచ్చటేస్తుంది. నీళ్ళలో వేలాడదీసిన మూట.

ఇంగ్లండు మూటలో బార్లీ గడ్డి ఉంటుంది. 1980లలో మొదలైన పరిశోధనలు 1990లో పత్రాలుగా వచ్చాయి. చెస్టర్‌ఫీల్డ్ కాలువలో గడ్డి వేసి దారపు పాచి తగ్గడాన్ని గమనించారు. పెరటి కుంటకు చదరపు మీటరుకు 50 గ్రాములంటారు. నెట్టు సంచిలో వదులుగా కుక్కి, వసంతం మొదట్లోనే, నీటి పైభాగాన తేలేలా కడతారు. అది వెంటనే పనిచెయ్యదు. గాలి తగులుతూ కుళ్ళాలి. చలి నీళ్ళలో ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఇరవై డిగ్రీలు దాటితే వారమో రెండు వారాలో పడుతుంది. ఉన్న పాచిని అది చంపదు, కొత్తది పెరగకుండా ఆపుతుంది. ఆపే పదార్థం ఏదన్నది ఇప్పటికీ వాదనే. కుళ్ళే గడ్డిలోని లిగ్నిన్ నుంచి వచ్చేవేవో ఎండ తగిలి హైడ్రోజన్ పెరాక్సైడు వంటివి పుట్టిస్తాయని ఒక వివరణ. కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల చెయ్యలేదు. అయినా ఇంగ్లీషువాళ్ళు దాన్ని వదలరు. పోయిందేముంది, గడ్డే కదా!

మన మూటలో మైలుతుత్తం ఉంటుంది. వరి మడిలో పాచి పట్టి పిలకల్ని అణచేస్తుంటే, మైలుతుత్తాన్ని గుడ్డలో మూటగట్టి నీళ్ళు పారే మడవలో పెడతాడు రైతు. నీళ్ళు దాని మీదుగా పారుతూ కొంచెం కొంచెంగా కరిగించుకుపోతాయి. గడ్డిలా వారాలు తీసుకోదు, ఉన్న పాచినే కాల్చేస్తుంది. పారే నీటికి, చేపలు లేని మడికి ఇది తెలివైన పనే. నిలిచిన కుంటలో అదే మూట ప్రమాదం. రాగి చేపకు విషం, సున్నపుపాలు తక్కువున్న మెత్తని నీళ్ళలో మరీను. పైగా ఒక్కసారిగా చచ్చిన పాచి ఒక్కసారిగా కుళ్ళి నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. చచ్చినదాని కడుపులోని భాస్వరం మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది, నెల తిరిగేసరికి కొత్త పాచి. నీలి ఆకుపచ్చ రకమైతే కణాలు పగిలి లోపలి విషం కూడా నీళ్ళలో కలుస్తుంది. పశువులు తాగే నీళ్ళలో దీని జోలికి పోకూడదు.

మరి బార్లీకి బదులు మన వరిగడ్డి? వరిగడ్డి నుంచి తీసిన సారం మైక్రోసిస్టిస్ అనే విషపు పాచిని అణచిందని కొరియా పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఆశ పుట్టించే సంగతే. కానీ మన నీళ్ళు వేడి. గడ్డి తొందరగా కుళ్ళుతుంది, కుళ్ళే తొందరలో ఆక్సిజన్ లాగేస్తుంది. వాడితే ఇంగ్లండు మోతాదులో సగం కన్నా తక్కువతో మొదలుపెట్టడం మేలు. అన్నట్టు, ఏప్రిల్‌లో వరిగడ్డి వాములోంచి పీకి నీళ్ళలో వెయ్యమంటే పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా మనల్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

చిల్లగింజను, అంటే ఇండుప గింజను కూడా ఈ వరసలో చేర్చేవాళ్ళున్నారు. కుండ లోపలి గోడకు ఆ గింజ అరగదీసి నీళ్ళు పోస్తే మట్టి అడుక్కి పేరుకుంటుందని సుశ్రుతుడి కాలం నుంచీ తెలుసు. శంకరుల పేరున ఉన్న ఆత్మబోధలో జ్ఞానానికి ఉపమానం అయ్యేంత పేరు దానిది. కానీ అది తాగే కుండకు మందు, కుంటకు కాదు. దాని పని మట్టిని దింపడం. బురద నీళ్ళలో ఎండ లోపలికి దిగదు, అందుకే నల్లరేగడి చెరువులు ఎంత ఎరువు తిన్నా ఒక్కోసారి పచ్చబడవు. మట్టిని దించి తేట చేస్తే పాచికి దీపం పెట్టినట్టే. తేటనీరు కావాలనుకునేవాడు ముందు ఏ మసకను తియ్యాలనుకుంటున్నాడో తేల్చుకోవాలి.

ఇప్పటిదాకా పచ్చదనాన్ని రెండు పక్షాలకూ శత్రువుగా చూపించాను. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు గట్టు మీద నిలబడి ఈ మాట అంటే నవ్వుతారు. అక్కడ పచ్చదనమే పంట. పేడ, కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేటు వేసి మరీ నీళ్ళను పచ్చబరుస్తారు. శీలావతికీ బొచ్చెకూ ఆ సన్నపాచి, దాన్ని తినే పురుగులే సగం మేత. రైతు మోచేతిదాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనిపిస్తోందా లేదా చూస్తాడు. స్పష్టంగా కనిపిస్తే మేత చాల్లేదు, మణికట్టు దగ్గరే మాయమైతే ముప్పు. ఇంగ్లీషు తోటమాలి ఏడాదంతా తపస్సు చేసి సాధించే అద్దం లాంటి నీరు ఇక్కడ నష్టానికి గుర్తు. అయితే పచ్చదనం గీత దాటితే ఏమవుతుందో ఈ రైతుకు తెలిసినంతగా ఏ తోటమాలికీ తెలియదు. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచి రాత్రి తనే ఊపిరి తీసుకుంటుంది. మబ్బు పట్టిన రోజు గడిచిన తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఏరేటర్లు గిరగిరా తిరగాల్సిన ఘడియ అది. ఆ గంటలో పాచిశాస్త్రం అప్పు పత్రాల మీద లెక్కకు వస్తుంది. అలాగే ఇంగ్లండు కుంటలోనూ ఉక్కపోసిన వేసవి రాత్రి గడిచాక కప్ప పిల్లలు ఇదే కారణంతో పైకి తేలతాయి. యజమాని నిద్రపోతుంటాడు, అంతే తేడా.

ఇంగ్లీషువాళ్ళ పాత కుంటల సంగతికి మళ్ళీ వస్తానన్నాను. నార్‌ఫోక్ జిల్లా పొలాల్లో కుంటలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం కుంటలుగా పుట్టినవి కావు. సున్నం కలిసిన బంకమట్టి కోసం రైతులు శతాబ్దాల తరబడి తవ్విన గోతులవి. ఆ మట్టిని పుల్లబారిన పొలాలకు తోలారు, గోతుల్లో నీళ్ళు నిలిచాయి. పశువులు తొక్కడం, చెట్లు నరకడం, అడుగు మట్టి తియ్యడం ఆగిపోయాక అవి చీకటి గుంటలయ్యాయి, నల్లని బురద నిండింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన కార్ల్ సేయర్, ఆయన తోటివాళ్ళు కొన్నేళ్ళుగా వాటిలో చెట్లు కొట్టించి, బురద తోడించి చూస్తున్నారు. పూడ్చిపెట్టిన కుంటల్ని కూడా మళ్ళీ తెరిచారు. నూరేళ్ళు పైబడి మట్టిలో పడున్న నీటిమొక్కల విత్తనాలు లేచి మొలిచాయి. తేటనీటికి సాయం చేసే నాచుమొక్కలూ వాటిలో ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళ పాత జ్ఞాపకంలో మన మే నెల బండ్లు ఉన్నాయన్నమాట. పెట్టొద్దనే విద్య వాళ్ళది అని నేను మొదట్లో అన్నది వాళ్ళ పెరళ్ళకే వర్తిస్తుంది, పొలాలకు కాదు.

అటు నుంచి ఇటు వచ్చిన విద్య కూడా ఒకటుంది. డెల్టా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువు పక్కనే కనిపించే ఇసుక ఫిల్టరు తొట్లు. నీళ్ళను మెల్లగా ఇసుక గుండా దింపి శుద్ధి చేసే ఈ పద్ధతిని లండన్‌లోని చెల్సీ వాటర్‌వర్క్స్‌లో జేమ్స్ సింప్సన్ 1829లో పెద్ద ఎత్తున కట్టి చూపించాడు. ఇసుక మీద కొన్ని రోజులకు జిగటగా ఒక పొర పడుతుంది. పాచి, సూక్ష్మజీవులు, మట్టి కలిసిన పొర. నిజంగా నీళ్ళను శుభ్రం చేసేది ఆ పొరే. మరీ మందమై నీళ్ళు దిగకపోతే పైన వేలి మందాన గీకి తీసేస్తారు, మళ్ళీ పొర పడేదాకా ఆగుతారు. పాచిని చంపాలా పెంచాలా అనే తగాదా అక్కడ లేదు. పనిచెయ్యనిస్తారు, బరువెక్కగానే తీసేస్తారు.

ఇంగ్లండు పెరట్లోనూ ఈ గీకడానికి సమానమైన పని ఒకటుంది, అదే వాళ్ళ కుంట విద్యలో నాకు బాగా నచ్చేది. వెదురు కర్ర నీళ్ళలో దింపి మెల్లగా తిప్పుతారు. దారపు పాచి పుల్లకు పీచుమిఠాయిలా చుట్టుకుంటుంది. లాగి గట్టు మీద వేసి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు, అందులో చిక్కుకున్న పురుగులూ పిల్లలూ తిరిగి నీళ్ళలోకి పాక్కుంటూ పోవడానికి. తర్వాత ఎరువు గుంటలో వేస్తారు. ఆ గుప్పెడు పాచితో అది మింగిన భాస్వరం కూడా కుంట దాటి పోతుంది. ఖర్చు సున్నా. చూడబోతే అది చిన్న పూడికతీత.

పెట్టని విద్యకూ తోడే విద్యకూ మధ్య ఈనాటి తెలుగు ఇల్లు నిలబడి ఉంది. హైదరాబాదు శివారు ఫామ్‌హౌసుల్లో కలువ కుంటలు, విజయవాడ మేడల మీద తామర తొట్లు ఇప్పుడు మామూలు. వాటిలో నీళ్ళు పచ్చబడగానే మనవాళ్ళు చేసే మొదటి పని నీళ్ళన్నీ పారబోసి, తొట్టి తోమి, కొత్తవి పట్టడం. కుడితి తొట్టికి అది సరైన మర్యాద, కుంటకు కాదు. పాచిని తినే పురుగులూ మొక్కల వేళ్ళను అంటుకున్న జీవాలూ ఆ నీళ్ళతోనే పోతాయి. కొత్త నీళ్ళతో కొత్త మేత వస్తుంది. పది రోజులకు మళ్ళీ పచ్చ. ఇక్కడ ఇంగ్లీషు ఓపిక అరువు తెచ్చుకోవాలి. కొత్త కుంట మొదటి నెలల్లో పచ్చబడి తీరుతుంది, వదిలెయ్యాలి. నీటి మొహంలో సగానికి పైగా ఆకులు కప్పితే ఎండ తగ్గుతుంది. మన ఎండకు మూడింట రెండు వంతులు కప్పినా తప్పు లేదు. తామరకు చెరువు ఒండ్రు ఇష్టమే, అయితే దాన్ని కుండీలో పెట్టి పైన రెండంగుళాలు ఇసుక కప్పాలి. పేడ అసలొద్దు. ఏటా ఒకసారి, మొక్కలు విడదీసే రోజున, అడుగు మట్టిలో కొంత తీసి జామ చెట్టు మొదట్లో వెయ్యాలి. అంతవరకూ ఇంగ్లీషు పెరడు, తెలుగు చెరువు చేయి చేయి కలిపి నడుస్తాయి.

ఒక్కచోట మాత్రం అక్కడి నియమం ఇక్కడ చెల్లదు. చేపల దగ్గర. ఇంగ్లండు కుంటలో దోమపిల్లల్ని తూనీగ పిల్లలు తింటాయి, లేకపోయినా ఎవరికీ డెంగీ రాదు. మన మేడ మీద చేప లేని నీళ్ళంటే మున్సిపాలిటీ వాళ్ళు తలుపు తట్టాల్సిన నీళ్ళు. అందుకే మలేరియా విభాగం గంబూసియా చేపల్ని పంచుతుంది. వాటి సంగతీ పరిశోధించారు. గంబూసియా వేసిన మడుగుల్లో నీటి ఈగలు మాయమై సన్నపాచి విపరీతంగా పెరిగిందని, అవి లేని మడుగులు తేటగా ఉన్నాయని హర్ల్‌బర్ట్, ఆయన తోటి పరిశోధకులు 1972లో సైన్స్ పత్రికలో చూపించారు. దోమను తినే నోరే నీటి ఈగనూ తింటుంది. గప్పీలు తక్కువ సంఖ్యలో వేసి, వాటికి వేరే మేత వెయ్యకుండా, నీటి ఈగలు దాక్కోవడానికి హైడ్రిల్లా వంటి నీటిమొక్కల గుబుర్లు ఒక మూల ఉంచితే కొంత మధ్యేమార్గం. అప్పటికీ మన తొట్టి ఇంగ్లీషు కుంటంత తేటగా ఉండదు. ఆ కాస్త పచ్చదనం దోమ లేనందుకు మనం కట్టే సుంకం. వారానికోసారి కర్ర తిప్పి దారపు పాచి లాగేస్తే సరిపోతుంది.